తేజ సంచి మీద కూర్చున్న రోజు

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాని నేను. నా కుర్చీకి ఒక గుణం ఉంది. పొద్దున పదింటికి కూర్చుంటే గుమాస్తాలాగే ఉంటాను, పన్నెండయ్యేసరికి హైస్కూలు పిల్లాడిలా అవుతాను, మూడింటికి బల్ల మీద గడ్డం ఆనించి ఎల్‌కేజీలో చేరిపోతాను. సీటు కింద గ్యాస్ సిలిండర్ లీకు. వంట గ్యాస్ కాదులెండి, నైట్రోజన్. దాని ఒత్తిడి మీదే సీటు నిలబడుతుంది, సీలు అరిగితే మనతోపాటు మెల్లగా కిందికి దిగుతుంది. ఓనరు గారికి చెప్పాను.

"కుర్చీ దిగట్లేదయ్యా, నువ్వే బరువెక్కావు" అన్నారు నా పొట్ట వైపు చూస్తూ.

మెడ పట్టేసింది, ఆ తర్వాత నడుం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే మా మేనల్లుడు ఫోన్లో గంటసేపు క్లాసు పీకాడు. మోచేయి 90 డిగ్రీల్లో ఉండాలి మావయ్యా, మానిటర్ పై అంచు కంటికి సమానంగా ఉండాలి, చెయ్యి చాచినంత దూరంలో ఉండాలి, పాదాలు నేలకి ఆనాలి, దీన్ని ఎర్గోనామిక్స్ అంటారు, 1857లోనే పోలండ్‌లో ఒకాయన ఈ మాట పుట్టించాడు అని. 1857లో మనవాళ్లు తెల్లవాళ్ల మీద తిరగబడుతుంటే అక్కడ ఆయన కూర్చుని దీనికి పేరు ఆలోచించాడన్నమాట. అమెరికాలో పనివాళ్ల భద్రత చూసే నయోష్ అనే సంస్థ లెక్క ప్రకారం ఎంత అనుకూలంగా ఉన్నా మనిషి ఎత్తాల్సింది 23 కిలోలే అని కూడా చెప్పాడు. అది మా ముఠా మేస్త్రికి చెబితే, నలభై కిలోలు దాటిన టిక్కీ, అదే మిర్చి బస్తా, భుజం మీద ఉండగానే ఆగి, "మిగతా సగం ఎవరు మోస్తారు బాబాయ్, అమెరికా వాళ్లు వస్తారా?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

సరే, మన కుర్చీ సంగతి మనమే చూసుకుందామని మూలనున్న ఖాళీ గోనె సంచిని నాలుగు మడతలు పెట్టి సీటు మీద వేశాను. అద్భుతం! కళ్లు మానిటర్‌కి సరిగ్గా వచ్చాయి, మోచేతులు బల్ల మీదికి చేరాయి, నాకు నేనే పెద్ద ఆఫీసరులా కనిపించాను. ఒక్కటే చూసుకోలేదు, అది ఘాటెక్కువుండే తేజ రకం మిర్చి సంచి. ఘాటు తక్కువుండే ఏ బాడిగ రకం మిర్చి సంచో అయితే రంగు అంటుకుని పోయేదేమో. ఏప్రిల్ ఎండ, కరెంటు లేదు, ఒళ్లంతా చెమట. పదకొండుకి వెచ్చగా అనిపించింది, పదకొండుంబావుకి ఇంకొంచెం. పన్నెండుకి నేను కూర్చోలేదు, నిలబడలేదు, మధ్యలో ఏదో చేస్తున్నాను.

వెనక్కి పరిగెత్తి నీళ్లు గుమ్మరించుకున్నాను. మంట ఇంకా పాకింది. మిరప కారం నీళ్లలో కరగదు, నూనెలోనో పాలమీగడలోనో అయితే కరుగుతుంది. ఈ ముక్క యార్డులో పసిపిల్లాడికి కూడా తెలుసు, నాకూ తెలుసు, కానీ ఆ టైములో గుర్తుంటేగా! మేస్త్రి పెరుగు ప్యాకెట్ తెచ్చి చేతిలో పెట్టి, మర్యాదస్తుడు, గోడవైపు తిరిగాడు.

అంతటితో అయిపోలేదు. ఆ మంటలోనే నేను రాసిన తక్‌పట్టీలో, అంటే రైతుకిచ్చే లెక్క చీటీలో, 34 టిక్కీలు కాస్తా 340 అయ్యాయి. ప్రత్తిపాడు రైతు చూసి, "ఇంత పండిందని తెలిస్తే మా ఆవిడ బంగారం అడుగుద్ది, కొట్టెయ్యి బాబూ" అన్నాడు. ఓనరు గారు మాత్రం నవ్వలేదు. ఆయన మొహంలో రంగు మారడం నేను చూసింది అప్పుడే.

ఇంటికెళ్తే మా ఆవిడ ప్యాంటు చూసి, "ఏవండీ, ఎవరింట్లో పెళ్లి భోజనానికెళ్లారు?" అంది.

రెండు రోజులు బోర్లా పడుకుని మూడో రోజు వెళ్లేసరికి ఓనరు గారు చిట్టా మీద లెక్క కట్టి ఉంచారు. ఆటో, పెరుగు, ఆయింట్‌మెంట్, నా బదులు కూర్చున్న కుర్రాడి కూలి, అన్నీ కలిపి 2,300. కుర్చీకి కొత్త సిలిండర్ వెయ్యడానికి మెకానిక్ అడిగింది 650. ఆ రెండు అంకెల్నీ మార్చి మార్చి చూసుకుని, అప్పటికప్పుడు కబురుపెట్టి సిలిండర్ మార్పించారు. బాగుందో లేదో చూద్దామని ఆయనే కూర్చున్నారు. పైకి లేపారు, కిందికి దించారు, ఒకసారి గుండ్రంగా తిరిగారు. తర్వాత లేవలేదు.

ఇప్పుడు నాది ఆయన పాత టేకు కుర్చీ. ఎత్తు నాకు కొలిచినట్టు సరిపోయింది, అబద్ధం చెప్పకూడదు. దాని మీద ఒక మెత్త కూడా ఉంది, గోనెగుడ్డతో కుట్టింది. లోపల ఏం కూరారో అడిగితే ఓనరు గారికి గుర్తులేదట. వారం నుంచి అంచు మీదే కూర్చుంటున్నాను.