రంగం (రంగూన్) నుంచి నడిచొచ్చినవాళ్లది ఏ పక్షం?

1939 సెప్టెంబర్ 4. బ్రిటన్ యుద్ధం ప్రకటించి ఒక్క రోజే అయింది. విల్హెల్మ్‌స్‌హావెన్ రేవు దగ్గర జర్మన్ యుద్ధనౌకల మీద బ్రిటిష్ బాంబర్లు తొలి దాడి చేశాయి. ఆ దాడికి వెళ్లిన దళాల్లో ఒకదాని పేరు 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో దానికి నిజాం సొమ్ముతో విమానాలు సమకూరాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు ఒక పదో తరగతి పిల్లాణ్ని పిలిచి, రెండో ప్రపంచ యుద్ధంలో ఎవరెవరు పాల్గొన్నారని అడగండి. జర్మనీ, ఇటలీ, జపాన్ అక్షరాజ్యాలు. బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా, సోవియట్ యూనియన్ మిత్రరాజ్యాలు అని గడగడా అప్పజెబుతాడు. తప్పు పిల్లాడిది కాదు, మనం చేతికిచ్చిన పట్టికది.

ఆ పట్టిక చూస్తే యుద్ధం ఏడెనిమిది దేశాల మధ్య జరిగిందనిపిస్తుంది. నిజానికి అది సామ్రాజ్యాల యుద్ధం. తమ పేరు మీద నిర్ణయం తీసుకునే హక్కే లేని కోట్లాది మంది దాని బరువు మోశారు. ఇది చెప్పకుండా ఆ యుద్ధం గురించి ఎంత చెప్పినా సగమే చెప్పినట్టు.

ఒక్క వారంలో జరిగింది చూడండి. సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించాడు. ఎవరినీ అడగలేదు. ఎన్నికైన ప్రభుత్వాలు అప్పటికే ప్రావిన్సుల్లో ఉన్నాయి, మద్రాసులో రాజాజీ ప్రధానిగా (ఇప్పటి మాటల్లో ముఖ్యమంత్రిగా) ఉన్నారు, ఒక్క మాట లేదు. సెప్టెంబర్ 6న దక్షిణాఫ్రికా యుద్ధంలోకి దిగింది. కానీ ఎలా దిగింది? పార్లమెంటులో ఓటింగ్ జరిగి, తటస్థంగా ఉందామన్న ప్రధాని హెర్ట్‌జోగ్ ఓడి, స్మట్స్ గద్దెనెక్కాక. సెప్టెంబర్ 10న కెనడా తన పార్లమెంటు ఒప్పుకున్నాకే ప్రకటించింది. ఐర్లాండ్ అసలు రానంది, చివరిదాకా రాలేదు. అందరి నెత్తినా ఉన్నది అదే కిరీటం. దక్షిణాఫ్రికా, కెనడాల్లో తెల్లవాళ్ల పార్లమెంటును ఓటు అడిగారు, మన దగ్గర గెజిట్‌తో సరిపెట్టారు. కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేయడం మన పుస్తకాల్లో ఒక బిట్ ప్రశ్న. ఈ పోలిక లేకపోతే ఆ రాజీనామాల్లోని అవమానం పిల్లలకు ఎలా అర్థమవుతుంది?

1942 జనవరి 1, 2 తేదీల్లో 26 ప్రభుత్వాలు ‘ఐక్యరాజ్యాల ప్రకటన’ మీద సంతకాలు చేశాయి. అందులో భారత్ పేరూ ఉంది. స్వేచ్ఛను, స్వాతంత్ర్యాన్ని కాపాడతామని ఆ పత్రం చెప్పింది. అదే ఏడాది ఆగస్టు 9న స్వాతంత్ర్యం అడిగిన గాంధీని, నెహ్రూను నిర్బంధించారు.

మన ఒక్కరి కథే కాదిది. పారిస్ జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు స్వేచ్ఛా ఫ్రాన్స్‌కు రాజధాని ఆఫ్రికాలోని బ్రజావిల్. దాని నాయకుడు డిగాల్ వైపు మొదట నిలబడిన ఫ్రెంచి వలస రాజ్యాల్లో చాద్ ఒకటి, దాని గవర్నర్ ఫెలిక్స్ ఎబూయే నల్లజాతివాడు. ఫ్రాన్స్ కోసం పోరాడి జర్మన్లకు బందీలై తిరిగొచ్చిన ఆఫ్రికా సైనికులు తమ బకాయి జీతం అడిగితే, 1944 డిసెంబర్ 1న డాకర్ దగ్గర థియరోయ్ శిబిరంలో ఫ్రెంచి సైన్యమే వాళ్లను కాల్చింది. యూరప్‌లో విజయోత్సవం జరుపుకున్న 1945 మే 8నే అల్జీరియాలోని సెతీఫ్‌లో స్వాతంత్ర్యం అడిగినవాళ్ల ఊచకోత మొదలైంది. ఇక చైనా సంగతి. అక్కడ యుద్ధం 1937 జూలైలోనే మొదలైంది. 1939 అనే తేదీ కూడా యూరప్ గడియారం ప్రకారం మనం బట్టీ పట్టిందే.

హిట్లర్ ఓడడం ముఖ్యమా, ఎవరెంత మోశారన్న లెక్క ముఖ్యమా అని కొందరంటారు. మన సైనికులు బలవంతంగా కాదు, స్వచ్ఛందంగా చేరారనీ అంటారు. హిట్లర్ ఓడాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఆ గెలుపు కోసం సోవియట్ ప్రజలు రెండున్నర కోట్లకు పైగా ప్రాణాలిచ్చారు. మన వాళ్లు 25 లక్షల మంది సైన్యంలో చేరారు, దాదాపు 87 వేల మంది చనిపోయారు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం పేరు ఊరికే రాలేదు. అయితే సైనికుడు ఇష్టపడి చేరడం వేరు, దేశాన్ని అడగకుండా యుద్ధంలోకి లాగడం వేరు. మొదటిది రెండోదాన్ని కడిగేయదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి ఉంది. అది మన తీరం కథ.

మన పెద్దవాళ్లు బర్మా రాజధాని రంగూన్‌ను రంగం అనేవారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడెక్కి వెళ్లినవాళ్లు అక్కడి రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో వాళ్లను కోరంగీలు అన్నారు. 1941 డిసెంబర్ 23న రంగం మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న నగరం చేజారింది. ఓడ దొరకనివాళ్లు కొండలెక్కి, అడవుల్లోంచి మణిపూర్, అస్సాం వైపు నడిచారు. బర్మా వదిలిన భారతీయులు లక్షల్లో ఉన్నారు, దారిలో కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలమంది రాలిపోయారు. ప్రాణం కోసం పరిగెత్తే ఆ సమయంలో కూడా తెల్లవాళ్లకు ఒక దారి, నల్లవాళ్లకు ఒక దారి అయ్యాయి. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. బర్మా బియ్యం ఆగిపోయింది. జపాన్ వస్తుందన్న భయంతో బెంగాల్ తీరంలో ప్రభుత్వమే పడవలను లాగేసుకుంది, ధాన్యాన్ని తరలించింది. 1943 కరవులో ఎన్నో అంచనాల ప్రకారం 30 లక్షల దాకా చనిపోయారు. బ్రిటన్ తన మొత్తం యుద్ధంలో కోల్పోయినవాళ్ల కన్నా ఇది చాలా రెట్లు ఎక్కువ. వీళ్లు ఏ పట్టికలో ఉన్నారు? అక్షరాజ్యాల్లోనా, మిత్రరాజ్యాల్లోనా?

చరిత్రను బిట్ బ్యాంకుగా మార్చిన చదువు మనది. కోచింగ్ సెంటర్‌లో మూడేళ్లు గడిపిన కుర్రాడికి పెర్ల్ హార్బర్ తేదీ తెలుసు. తన ముత్తాత రంగంలో ఏ మిల్లులో పనిచేశాడో, ఏ దారిన నడిచొచ్చాడో తెలియదు. ఎందుకంటే అది గ్రూప్స్‌లో రాదు. ఆ నడక నడిచినవాళ్లు దాదాపు వెళ్లిపోయారు. అప్పుడు చంకన ఉన్న పిల్లలకు ఇప్పుడు ఎనభై దాటింది. వాళ్ల మాటలను ఊరూరా తిరిగి రికార్డు చేసే పని ఏదైనా విశ్వవిద్యాలయం ఈ ఏడాదే మొదలుపెట్టాలి. టెక్కలి, సోంపేట, భీమిలి, కాకినాడల్లో తలుపు తడితే చాలు, ట్రంకు పెట్టె అడుగున బర్మా కాగితం ఏదో ఒకటి బయటపడే ఇళ్లు ఇంకా ఉంటాయి.