ముందు మునిగేది ఎవరి డబ్బు?

మొన్న ఇద్దరు పాత సహోద్యోగుల మధ్య ఇరుక్కుపోయాను. మాట పెద్ద పెద్ద పెట్రోకెమికల్ ప్రాజెక్టులు కట్టే ప్రమోటర్ల మీదకి వెళ్లింది. ఒకాయన, "వాళ్ల గొప్పేముందండీ, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు బ్యాంకుల డబ్బుతో కట్టడమేగా!" అన్నాడు. రెండో ఆయన దణ్ణం పెట్టినంత పని చేసి, "అంత పెద్ద కల కనాలంటే ఎంత గుండె ధైర్యం ఉండాలి సార్!" అన్నాడు. ఇద్దరికీ నేను సమాధానం చెప్పేలోపే లేచి వెళ్లిపోయారు. అందుకే ఈ పోస్టు. పొడుగెక్కువ, ముందే చెప్తున్నా.

నేను చాలా ఏళ్లు అప్పిచ్చే బ్యాంకుల తరఫున ప్రాజెక్టు రిపోర్టులు చదివే ఇంజనీర్‌గా పనిచేశాను. ప్రమోటర్ చెప్పినంత సరుకు తయారవుతుందా, చెప్పిన ఖర్చులో అవుతుందా, చెప్పిన తేదీకి ప్లాంటు నడుస్తుందా అని చూసి చెప్పడం నా పని. ప్రమోటర్ల దృష్టిలో నేను పెళ్లిచూపుల్లో పుల్లవిరుపు మాట అనే దూరపు చుట్టాన్ని. తమాషా ఏంటంటే నా ఫీజు కట్టేది ఆ ప్రమోటరే. బ్యాంకుల లాయర్ల ఫీజు కూడా ఆయన నెత్తినే. తనలో తప్పులు వెతికేవాళ్లకి తనే డబ్బులిచ్చుకోవడం ఈ వ్యాపారంలో మామూలు.

మొదటాయన మాట దగ్గరికి వద్దాం. ఇలాంటి ప్రాజెక్టులో ఖర్చులో సగానికి పైగా, చాలాసార్లు 60 నుంచి 70 శాతం, అప్పే. ఆ మాట నిజం. కానీ ఆ అప్పు ఎప్పుడొస్తుంది? అన్ని కాగితాల మీదా సంతకాలు పడి అప్పు ఖాయమయ్యాక. దాన్నే ఫైనాన్షియల్ క్లోజ్ అంటారు. అప్పటిదాకా మూడేళ్లో ఐదేళ్లో గడిచిపోతాయి. ఆ ఏళ్లన్నీ మట్టి పరీక్షలు, పర్యావరణ నివేదిక, టెక్నాలజీ లైసెన్సు అడ్వాన్సు, ప్రాథమిక డిజైన్, మార్కెట్ స్టడీ, లాయర్లు, నాలాంటి పుల్లవిరుపు చుట్టాలు. ఇదంతా ప్రమోటర్ డబ్బే. క్లోజ్ కాకపోతే అందులో పైసా వెనక్కి రాదు. మిగిలేది అల్మరా నిండా రిపోర్టులు.

అప్పు ఎందుకంత ఆలస్యమంటే, బ్యాంకుకి ఆ రోజున కనిపించేది ఖాళీ పొలం. ప్రాజెక్టు కోసమే పుట్టిన కొత్త కంపెనీ, దానికి ఆస్తీ లేదు, చరిత్రా లేదు. ప్లాంటు నడిస్తే వచ్చే డబ్బులోంచే అప్పు తీరాలి. కాబట్టి బ్యాంకు అడుగుతుంది: ముడిసరుకు 15 ఏళ్లపాటు ఇస్తానని ఎవరైనా రాసిచ్చారా? సరుకు కొంటానని ఎవరైనా సంతకం పెట్టారా? ఇంత రేటుకి, ఈ తేదీకి కట్టిస్తానని కాంట్రాక్టర్ మాటిచ్చాడా? ముడిసరుకైన ఈథేన్ గ్యాసు అమ్మేవాడి దగ్గరికి వెళ్తే, "ముందు బ్యాంకు ఒప్పుకుందా?" అంటాడు. ప్లాస్టిక్ గుళికలు కొనేవాడు, "ముందు తేదీ చెప్పండి" అంటాడు. కాంట్రాక్టర్, "ముందు డబ్బు ఎక్కడిదో చూపించండి" అంటాడు. పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు. ఈ ముడి విప్పడమే ఆ ప్రమోటర్ చేసే పని. కెమిస్ట్రీ తెలిసినవాళ్లు జీతానికి దొరుకుతారు. ఒకరినొకరు నమ్మని నలుగురిని ఒకే రోజు ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి సంతకాలు పెట్టించేవాడు దొరకడు.

ఒక్క ముడిసరుకు కోసం ఎంత తంటా పడాలో చూడండి. ఈథేన్ అయితే దాదాపు 80 శాతం, ప్లాస్టిక్‌కి మూలమైన ఇథిలీన్‌గా మారుతుంది, ముడిచమురులోంచి తీసే నాఫ్తా అయితే 30 శాతం చుట్టుపక్కలే. క్రాకర్ అనే ప్లాంటు కొలిమి గొట్టాల్లో ఆ ముడిసరుకు 800 డిగ్రీలు దాటిన వేడిలో సెకను కూడా ఉండకుండా దూసుకెళ్లి, వెంటనే చల్లారాలి. ఆలస్యమైతే గొట్టం లోపల మసి పేరుకుంటుంది. యూరప్‌లో నాఫ్తాతో గిట్టుబాటు కావట్లేదని బ్రిటన్ కెమికల్ కంపెనీ ఇనియోస్ అమెరికా ఈథేన్ తెప్పించాలనుకుంది. ఈథేన్‌ని మైనస్ 90 డిగ్రీల దగ్గరలో ద్రవంగా మోయాలి. అందుకోసం ప్రత్యేకంగా ఓడలు కట్టించి, 15 ఏళ్ల ఒప్పందాలు రాసుకుని, 2016 మార్చిలో మొదటి ఓడని నార్వేలోని రాఫ్నెస్‌కి చేర్చారు. కొలిమిలో సెకను కన్నా తక్కువసేపు ఉండే గ్యాసు కోసం ఇంత తతంగం!

ఆ ఇనియోస్ అధిపతి జిమ్ రాట్‌క్లిఫ్ కథ కూడా మొదటాయనకి వినిపించాలి. 1992లో బ్రిటన్ చమురు కంపెనీ బీపీ వదిలించుకుంటున్న ఒక కెమికల్ వ్యాపారాన్ని కొనడానికి ఇల్లు తాకట్టు పెట్టాడు. 1998లో ఇనియోస్ మొదలైంది. 2005లో బీపీ దగ్గరే ఇన్నోవీన్ అనే కెమికల్ కంపెనీని 900 కోట్ల డాలర్లకి, చాలావరకు అప్పుతో కొన్నాడు. మూడేళ్లు తిరక్కుండా 2008 సంక్షోభం వచ్చింది. గిరాకీ పడిపోయింది, అప్పు షరతులు తప్పే పరిస్థితి. బ్యాంకులన్నిటినీ బతిమాలి, ఎక్కువ వడ్డీకీ ఫీజులకీ ఒప్పుకుని బయటపడ్డాడు. అల్లుడు చేసింది అత్త సొమ్ముతో దానమే అయితే నిద్ర పట్టని రాత్రులు ఉండేవి కావు.

నాకు అంతకన్నా ఇష్టమైన కథ తైవాన్‌కి చెందిన వాంగ్ యుంగ్ చింగ్‌ది. బియ్యం కొట్టు నడిపిన మనిషి. 1957లో రోజుకి 4 టన్నుల పీవీసీ తయారుచేసే ప్లాంటు పెడితే ఆ కాస్త సరుకు కొనే దిక్కు కూడా లేదు. నేనైతే మూసేద్దామని రిపోర్టు రాసేవాణ్ణి. ఆయన ప్లాంటు పెంచాడు! తయారీ పెరిగితే ఖర్చు తగ్గుతుంది. కొనేవాడు లేకపోతే ఆ కొనేవాణ్ణి కూడా తనే పుట్టిస్తానని, పీవీసీతో వస్తువులు చేసే నాన్ యా కంపెనీని 1958లో పెట్టాడు. సొంత నాఫ్తా క్రాకర్ కట్టుకుంటానని 1973లో ప్రభుత్వాన్ని అడిగితే 1986లో గానీ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక యీలాన్‌లో జనం ఎదురుతిరిగారు. చివరికి మైలియావోలో, సముద్రాన్ని పూడ్చిన నేల మీద, 1990ల చివరికి మొదలైంది. ఒక్క ప్లాంటు కోసం పాతికేళ్లు. ఆ పాతికేళ్లలో ఎంతమంది ప్రమోటర్లు శంకుస్థాపన ఫొటో దిగి పత్తా లేకుండా పోయుంటారో.

ఇక రెండో ఆయన, దణ్ణాలాయన. అయ్యా, పెద్ద కల కనడానికి ఖర్చేం లేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ముడిసరుకు ఒప్పందం లేకుండా "ప్రపంచ స్థాయి కాంప్లెక్స్" అని ప్రకటించిన ఫైళ్లు నా చేతిలోంచి ఎన్ని పోయాయో. ఆ కలలు ఎక్కడ దొరికిపోతాయో చెప్పనా? ఎక్సెల్ షీటులో.

ఒక ప్రాజెక్టు గుర్తుంది. పేరు చెప్పను. ప్రమోటర్ చాలా మంచి మాటకారి, మర్యాదస్థుడు, వెళ్లిన ప్రతిసారీ లేచి నిలబడి కుర్చీ చూపించేవాడు. షీటులో అప్పు తీర్చే సామర్థ్యం ప్రతి ఏడూ బ్రహ్మాండంగా ఉంది. ఎక్కడా ఒక్క ఎర్ర అంకె లేదు. నాకు అనుమానం వచ్చేది అలాంటప్పుడే. రాత్రి పదింటికి ఒక్కో వరస చూసుకుంటూ పోతే 47వ వరసలో దొరికింది. పాలీఇథిలీన్ ప్లాస్టిక్ ధర ఏటా 2 శాతం పెరుగుతోంది. పైనున్న 31వ వరసలో నాఫ్తా ధర మాత్రం 20 ఏళ్లూ ఒకే అంకె. సరుకు ధరకి వయసొస్తోంది, ముడిసరుకు నిత్య యవ్వనంలో ఉంది! నాఫ్తాని కూడా అదే 2 శాతం పెంచి చూశాను. ఆరో ఏడు నుంచి వాయిదా కట్టడానికి డబ్బు చాలట్లేదు.

మర్నాడు అడిగితే, "అది మా కన్సల్టెంట్ పొరపాటు" అన్నాడు. కావచ్చు. కానీ నేను చూసిన పొరపాట్లన్నీ ప్రమోటర్‌కి లాభం వచ్చే వైపే జరిగాయి. ఒక్కటంటే ఒక్కటి ఎదురు వైపు జరగలేదు.

షీటు సరిగ్గా ఉన్నా కాలం ఊరుకోదు. ఈ వ్యాపారంలో లాభాలు పొంగుతాయి, అణుగుతాయి. పొంగినప్పుడు అందరికీ ఒకేసారి ప్లాంటు కట్టాలనిపిస్తుంది, బ్యాంకులకీ ఒకేసారి ధైర్యమొస్తుంది. కట్టడానికి నాలుగైదేళ్లు. అన్నీ ఒకేసారి నడవడం మొదలెట్టేసరికి మార్కెట్లో సరుకు వరద. చైనాలో ఈ మధ్య అన్ని కొత్త క్రాకర్లు వచ్చాక, 2024లో ఫ్రాన్స్‌లోని గ్రావెన్షాన్‌లో ఎక్సాన్‌మొబిల్ క్రాకర్ మూతపడింది. కొమ్ములు తిరిగినవాళ్లకీ ఇది తప్పదు. సౌదీ అరామ్కో, అమెరికా కెమికల్ కంపెనీ డౌ కలిసి జుబైల్‌లో కట్టిన సదారా కాంప్లెక్సుకి సుమారు 2,000 కోట్ల డాలర్లయింది, మొత్తం 26 ప్లాంట్లు. 2021లో దాదాపు 1,000 కోట్ల డాలర్ల అప్పుకి గడువులు తిరగరాసుకున్నారు.

కాగితం మీద సంతకం కూడా ఒక్కోసారి కాగితంగానే మిగిలిపోతుంది. 2008 డిసెంబరులో డౌతో కలిసి 1,740 కోట్ల డాలర్ల ఉమ్మడి కంపెనీ పెట్టడానికి ఒప్పుకున్న కువైట్, అదే నెలాఖరులో కాదంది. డౌకి దాదాపు 220 కోట్ల డాలర్ల పరిహారం చేతికొచ్చేసరికి 2013. అంతకుముందు జపాన్‌కి చెందిన మిత్సుయి ఇరాన్‌లో పెట్టిన ప్లాంటు 1979 విప్లవం నాటికి దాదాపు 85 శాతం పూర్తయింది. తర్వాత యుద్ధం, బాంబులు. పదేళ్లు నలిగి, ఎదురు డబ్బు కట్టి మరీ బయటపడ్డారు. 85 శాతం పూర్తయిన క్రాకర్ అంటే ఇనుప సామాను. ఇల్లయితే తలుపుల్లేకపోయినా కాపురం ఉండొచ్చు.

అందుకే నేను ఎవరినైనా ఒక్కటే అడుగుతాను: తేడా వస్తే ముందు మునిగేది ఎవరి డబ్బు? ప్రమోటర్ పెట్టిన సొంత వాటా, అంటే ఈక్విటీ, ముందు పోవాలి, తర్వాతే అప్పు. రాతలో అలాగే ఉంటుంది. కానీ చూడండి, కొందరు తమ వాటా ఈక్విటీని కూడా ఇంకోచోట అప్పు తెచ్చి పెడతారు. ఇంకొందరు నిర్మాణ కాంట్రాక్టు తమ సొంత కంపెనీకే ఇచ్చి, ప్లాంటు లేచేలోపే పెట్టింది వెనక్కి లాగేసుకుంటారు. అలాంటి చోట మొదటాయన సామెత అక్షరాలా నిజం. అదే సామెత వాంగ్‌కి పెడితే తప్పు. అందరినీ ఒకే గాటన కట్టడమే నా బాధ.

లెక్కల్లోకి రానివాళ్లు ఇంకొందరున్నారు. పెన్సిల్వేనియాలో షెల్ కట్టిన క్రాకర్‌కి రాష్ట్రం 25 ఏళ్లలో 165 కోట్ల డాలర్ల దాకా పన్ను రాయితీ ఇస్తానంది. 2022 నవంబరులో ప్లాంటు మొదలైంది. ఆర్నెల్లకే, 2023 మేలో, గాల్లోకి వదిలినవాటికి దాదాపు కోటి డాలర్లు కట్టాల్సి వచ్చింది. మిగులు గ్యాసు కాల్చే ఫ్లేర్ మంట రాత్రంతా కిటికీలో కనిపించేవాళ్లు ఆ ప్రాజెక్టులో వాటాదారులు కారు, అప్పిచ్చినవాళ్లూ కారు. వాళ్ల సంతకం ఎవరూ అడగలేదు. ఇంకో చోట బయటివాళ్ల మాట వినక తప్పలేదు: ఇనియోస్ 21 బ్యాంకుల నుంచి 350 కోట్ల యూరోలు తెచ్చి ఆంట్‌వెర్ప్‌లో క్రాకర్ కడుతుంటే, 2023 జులైలో గాల్లోకి వదిలే నైట్రోజన్ లెక్కల మీద కోర్టు అనుమతి కొట్టేసింది. పని ఆగింది. మళ్లీ అనుమతి తెచ్చుకున్నది 2024 జనవరిలో. ఆ మధ్య నెలల్లో బ్యాంకు ఇంజనీర్ ఫోన్ ఎన్నిసార్లు మోగుంటుందో నేను ఊహించగలను. పాపం అనిపించింది, ఇంజనీర్ మీద.

ఆ 47వ వరస ప్రాజెక్టు సంగతి అడుగుతారేమో. క్లోజ్ కాలేదు. ఆ పొలంలో బోర్డు చాలాకాలం ఉండేది, రంగు వెలిసి, కంపెనీ పేరులో సగం అక్షరాలు పోయి. మొదటి నాలుగేళ్ల ఖర్చు పూర్తిగా ఆయన జేబులోదేనని నాకు తెలుసు, బిల్లుల్లో మావి కూడా ఉన్నాయి కాబట్టి. నాలుగేళ్ల తర్వాత ఒకరోజు ఫోన్ చేశాడు. అదే మర్యాద. "ఇంకో ప్రాజెక్టు పెడుతున్నానండీ, ఈసారి ఈథేన్. ముడిసరుకు ధర ఏటా పెంచే రాయించాను, మీరే చూడాలి" అన్నాడు.

ఫైలు వచ్చింది. నేరుగా ముడిసరుకు వరసకి వెళ్లాను. నిజంగానే ఏటా 2 శాతం పెరుగుతోంది. మరి ప్లాంటు ఏడాదికి ఎన్ని రోజులు నడుస్తుందని రాశాడా అని చూశాను. 365.