రంగు పూస్తే సమాచారం నమోదైనట్టు కాదు

స్ప్రెడ్‌షీట్‌లో ఒక సెల్ ఎర్రగా ఉంది. అది బకాయా, పొరపాటా, మరోసారి సరిచూడవలసిన సంఖ్యా? రంగు పూసిన ఉద్యోగికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆయన బదిలీ అయిన మర్నాడు ఆ ఎరుపుకు అర్థం చెప్పేవారే ఉండరు. ఒక్కో సెల్‌కు చేత్తో రంగు పూసే పద్ధతిని కార్యాలయాలు మానుకోవాలి. రూపం స్టైళ్ల నుంచి, అంటే పేరు పెట్టి ముందే సిద్ధం చేసుకున్న రూపాల నుంచి రావాలి, అర్థం అక్షరాల్లో ఉండాలి.

ఎక్సెల్‌లో టేబుల్ స్టైల్ ఎంచుకుంటే వరుసలు చేర్చినా, క్రమం మార్చినా వరుస విడిచి వరుసకు వేసే రంగు చారలు వాటంతటవే సర్దుకుంటాయి. చేత్తో వేసిన చారలు సార్ట్ చేయగానే, అంటే వరుసల క్రమం మార్చగానే చెల్లాచెదురవుతాయి. పైగా సెల్‌కు నేరుగా ఇచ్చిన రంగు టేబుల్ స్టైల్‌ను కప్పేస్తుంది. స్టైల్ మార్చినా పట్టిక మారలేదని సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకునేవారు ముందు ఆ పాత పూతలను తొలగించాలి. ఎక్సెల్ లాంటిదే అయిన లిబ్రేఆఫీస్ కాల్క్‌లో అయితే సెల్‌లను ఎంచుకుని కంట్రోల్, ఎమ్ నొక్కితే చాలు.

నాలుగు వరుసల జాబితాకు ఇంత హంగామా ఎందుకని కొందరు అడుగుతారు. ఆ జాబితా సాయంత్రానికి చెరిపేసేదైతే నిజమే, అవసరం లేదు. కానీ ఏళ్ల తరబడి చేతులు మారే పట్టికలు చాలావరకు అలాంటి నాలుగు వరుసలతోనే మొదలవుతాయి.

అసలు ప్రమాదం అందచందాలది కాదు. ఫార్మాట్ మారితే విలువ మారదు, కనిపించే తీరే మారుతుంది. 2024 జనవరి 1 అని కనిపించే సెల్‌లో ఎక్సెల్ దాచుకున్నది 45292 అనే రోజుల లెక్క. 2.4కు 2.4 కలిపి, దశాంశాలు కనబడకుండా చేయండి: రెండూ రెండూ ఐదని తెర చూపిస్తుంది! రంగు సంగతి ఇంకా అన్యాయం. దాన్ని బట్టి ఫిల్టర్ చేయవచ్చు గాని, ఎర్రటి సెల్‌లను మాత్రమే కూడే ఫంక్షన్ ఎక్సెల్‌లో లేదు. ఫైలును విలువలు మాత్రమే మిగిలే సాదా రూపమైన సీఎస్‌వీగా భద్రపరిస్తే రంగులన్నీ మాయమవుతాయి, వాటితో పాటు ఆ ఉద్యోగి తీసుకున్న నిర్ణయాలూ.

ఇది స్ప్రెడ్‌షీట్లతో ఆగే జాడ్యం కాదు. పత్రమంటే కంటికి కనిపించేదే అన్న భావన మనలో బలంగా పాతుకుపోయింది. శీర్షికకు హెడింగ్ స్టైల్ ఇవ్వకుండా అక్షరాలు పెద్దవి చేసి సరిపెడతాం, పట్టికను స్కాన్ చేసి బొమ్మగా ప్రచురిస్తాం. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివారికి, స్క్రీన్ రీడర్‌తో చదువుకునే అంధులకు ఆ పత్రం మూసిన తలుపే. ప్రజల కోసం పట్టికలు విడుదల చేసే ప్రతి సంస్థా ‘స్థితి’ అనే కాలమ్ పెట్టి అందులో ‘బకాయి’ అని రాయాలి. ఎరుపు పూసే పని, సెల్‌లోని విలువను బట్టి తానే రంగు వేసే కండిషనల్ ఫార్మాటింగ్ చూసుకుంటుంది.