కాళ్లు చల్లబడటాన్ని కొలవగలిగితే

జ్వరంతో ఒళ్లు కాలిపోతున్న మనిషికి అరికాళ్లు చల్లగా తగిలాయంటే మన ఇళ్లలో పెద్దవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. ఆ భయానికి గట్టి కారణమే ఉంది. ఇన్ఫెక్షన్ ముదిరి సెప్సిస్‌గా మారి రక్తప్రసరణ దెబ్బతింటున్నప్పుడు, గుండెకీ మెదడుకీ రక్తం తగ్గకుండా శరీరం చర్మంలోని రక్తనాళాలను బిగించేస్తుంది. అందుకే చాలామందిలో బీపీ ఇంకా బాగానే కనిపిస్తున్నప్పుడే కాలివేళ్లు చల్లబడతాయి. బీపీ పడిపోయాక పరుగులు పెట్టేకన్నా ఆ కాస్త వ్యవధిలోనే ప్రమాదాన్ని పట్టుకోవాలి. ఒంటి వేడిని బొమ్మగా చూపే థర్మల్ కెమెరా ఈ పనికి పనికొస్తుందనే నా నమ్మకం. అయితే దాన్ని ఎక్కడ, ఎలా వాడతామన్నదే అసలు ప్రశ్న.

2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 4.89 కోట్ల మంది సెప్సిస్ బారిన పడ్డారని, 1.1 కోట్ల మంది చనిపోయారని 2020లో లాన్సెట్ ప్రచురించిన అంచనా చెబుతోంది. అంటే ప్రతి ఐదు మరణాల్లో ఒకటి. ఈ భారంలో ఎక్కువ భాగం మనలాంటి దేశాలదే.

చర్మాన్ని చూసి రక్తప్రసరణను అంచనా వేయడం కొత్త సంగతేమీ కాదు. కాలి బొటనవేలి ఉష్ణోగ్రతను బట్టి షాక్ (అవయవాలకు చాలినంత రక్తం అందని స్థితి) తీవ్రత తెలుస్తుందని జోలీ, వైల్ అనే ఇద్దరు వైద్యులు 1969లోనే రాశారు. తర్వాత మానిటర్లు, కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే ల్యాక్టేట్‌ను కొలిచే పరీక్షలు వచ్చాక ఆ విషయం వెనకబడింది. 2019లో ఆండ్రోమెడా-షాక్ అనే అధ్యయనం దాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. లాటిన్ అమెరికాలోని ఐదు దేశాల్లో సెప్టిక్ షాక్‌లో ఉన్న 424 మందిని రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపుకి ల్యాక్టేట్‌ను చూసి చికిత్స చేశారు. రెండో గుంపుకి చూపుడువేలి కొసను గాజు పలకతో తెల్లబడేదాకా నొక్కి, 10 సెకన్లు అలాగే ఉంచి వదిలేసి, రంగు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసి, దాన్నిబట్టి చికిత్స చేశారు. 3 సెకన్లు దాటితే రక్తం సరిగా అందడం లేదని లెక్క. 28 రోజుల్లో మరణాలు ల్యాక్టేట్ గుంపులో 43.4 శాతం, వేలు నొక్కి చూసిన గుంపులో 34.9 శాతం. గణాంకాల ప్రకారం ఈ తేడా పూర్తిగా నిలబడలేదు. అయినా, ఖర్చు లేని ఓ పరీక్ష ఖరీదైన పరీక్షకు ఏమాత్రం తీసిపోలేదు. 2021 నాటి అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలు కూడా దీన్ని వాడమని సూచించాయి.

చిక్కల్లా ఒకరు చూసినట్టు మరొకరు చూడకపోవడం దగ్గర వస్తోంది. ఒకరికి మూడు సెకన్లనిపించింది ఇంకొకరికి నాలుగనిపిస్తుంది. పైగా నైట్ డ్యూటీలో వార్డు మొత్తాన్నీ ఒక్కతే చూసుకునే నర్సు, ఒంటిగంటకి తాకిన పాదం నాలుగింటికి ఇంకెంత చల్లబడిందో ఎలా గుర్తుపెట్టుకుంటుంది? థర్మల్ కెమెరా పనికొచ్చేది ఇక్కడే. చర్మం నుంచి వెలువడే పరారుణ కిరణాలను పట్టుకుని, ఒంటిని తాకకుండానే బొమ్మ గీస్తుంది. పొట్ట పసుపుగా, మోకాళ్లు నారింజ రంగులో, కాలివేళ్లు ముదురు నీలంగా కనిపిస్తాయి. పొట్టకీ పాదానికీ ఉన్న తేడా అంకెగా నమోదవుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ పిల్లల ఐసీయూలో తీసిన 539 థర్మల్ చిత్రాలతో మన పరిశోధకులు 2019లో సరిగ్గా ఈ పనే చేశారు. ఈ తేడాకి గుండె వేగాన్ని కూడా కలిపి చూస్తే, మూడు గంటల ముందే షాక్‌ను ఓ మోస్తరు కచ్చితత్వంతో అంచనా వేయగలిగారు. అచ్చంగా దీన్నే నమ్ముకునేంత కచ్చితత్వం కాదది, కానీ కొట్టిపారేసేదీ కాదు.

మనకి సంబంధించిన మరో లాభం కూడా ఉంది. సెప్సిస్‌లో మోకాళ్ల దగ్గర చర్మం మీద తేలే ఊదారంగు మచ్చలు ప్రమాద సూచన. తెల్లటి చర్మం మీద ఇట్టే కనిపించే ఈ మచ్చలను మన ఒంటిరంగు మీద పోల్చుకోవడం కష్టం. పరారుణ కిరణాలకి ఒంటిరంగుతో పని లేదు.

అలాగని కెమెరాను గుడ్డిగా నమ్మితే కొంప మునుగుతుంది. కొందరిలో సెప్సిస్ రక్తనాళాలను బిగించడానికి బదులు వదులు చేస్తుంది. పాదాలు వెచ్చగానే ఉంటాయి, లోపల అవయవాలు దెబ్బతింటూనే ఉంటాయి. అలాంటి రోగి బొమ్మ చూసి పర్లేదనుకుంటే ప్రాణాలకే ముప్పు. బీపీ పెంచడానికి నార్‌ఎడ్రినలిన్ ఎక్కిస్తుంటే ఆ మందే వేళ్లను చల్లబరచవచ్చు. షుగర్ రోగుల్లో కాళ్ల రక్తనాళాలు ముందే పూడుకుపోయి ఉండొచ్చు. చెమట, తడి దుప్పటి, ఏసీ గాలి, తిరిగే ఫ్యాన్ ఇవన్నీ అంకెను మార్చేస్తాయి. చవక కెమెరాలు అసలు ఉష్ణోగ్రతలో రెండు డిగ్రీల దాకా తప్పు చూపుతాయి కాబట్టి, ఒక్క బొమ్మలో కనిపించిన అంకెను పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు. అదే మనిషిలో పొట్టకీ పాదానికీ తేడా గంట గంటకీ పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే చూడాలి.

అందుకే ముందు వేలు నొక్కి చూడటం ప్రతి వార్డులో, ప్రతి కేస్‌షీట్‌లో రాసే అలవాటు కావాలి. దానికి టెండర్లు అక్కర్లేదు. కెమెరాలు కొనడం తర్వాత సంగతి. కొనేముందు, మే నెలలో ఫ్యాన్ల కింద రోగులుండే జిల్లా ఆసుపత్రి వార్డుల్లోనే వాటిని పరీక్షించాలి. డెంగీ సీజన్‌లో పిల్లల వార్డుల్లోనూ పరీక్షించాలి, ఎందుకంటే డెంగీ షాక్‌కి కాళ్లూ చేతులూ చల్లబడటం ముఖ్యమైన గుర్తు. దుప్పటి తీశాక ఎన్ని నిమిషాలు ఆగి బొమ్మ తీయాలి, తేడా ఎంత పెరిగితే డాక్టరును నిద్ర లేపాలి, ఆ పిలుపుతో ఎంతమంది రోగులకు చికిత్స ముందుగా అందింది అన్నవి ఆ పరీక్షలో తేలాలి. అవి తేలకుండా పిలిచే ఏ టెండరునీ నేను సమర్థించను.