బత్తాయికి బొక్క పెట్టేది సీతాకోకచిలుక కాదు

వారం రోజులుగా ఏ రైతు గ్రూపు తెరిచినా అదే మెసేజి: "నిమ్మ, బత్తాయి రైతులకు హెచ్చరిక! నలుపు-పసుపు మచ్చల సీతాకోకచిలుక కనబడగానే మందు కొట్టండి. కాయకు బొక్క పెట్టి రసం పీల్చేది అదే. కంచెకు తిప్పతీగ పాకిస్తే దరిదాపులకు రాదు. రెక్కల పొడి కంట్లో పడితే చూపు పోతుంది. సాయంత్రం పొగ పెట్టండి. పది మందికి పంపండి." పంపుతూనే ఉన్నారు.

పొడి కంట్లో పడితే నీళ్లతో కడుక్కోండి. అయిపోయింది.

నిమ్మ సీతాకోకచిలుక తొండం మెత్తటి గొట్టం. పూలలో తేనె పీల్చడానికి సరిపోతుంది గానీ బత్తాయి తొక్కలో దిగదు. తొక్కను పొడిచేది రసం పీల్చే రెక్కల పురుగు. దాని తొండం కొస గట్టిగా, ముళ్లతో ఉంటుంది. పై రెక్కలు ఎండుటాకు రంగు, కింది రెక్కలు నారింజ రంగు మీద నల్ల మచ్చలు. వచ్చేది పొద్దుగూకాకే. గుండుసూది మొనంత బొక్క పడుతుంది, నొక్కితే రసం చిమ్ముతుంది, అందులోంచి బూజు చేరి కాయ కుళ్లి రాలుతుంది. పగలు మందు కొడితే చచ్చేది పూత మీదికొచ్చే తేనెటీగలు.

ఇక తిప్పతీగ. రాసినాయనకు దండం పెట్టాలి. ఆ రెక్కల పురుగు గుడ్లు పెట్టేదే తిప్పతీగ, దూసరతీగల మీద! దాని గొంగళిపురుగులు పెరిగేది ఆ ఆకులు తినే. బత్తాయి ఆకు జోలికి రావు. కంచెకు తిప్పతీగ పాకించడమంటే పురుగుకు పురిటిగది కట్టించి, పథ్యం కూడా వండిపెట్టడం. చెయ్యాల్సింది తోటలో, గట్ల మీద, పక్క పొదల్లో ఉన్న తీగను వేళ్లతో సహా పీకి కాల్చడం. కోసి కంచె మీద పడేస్తే ఆ ముక్కే వేళ్లు దించి మళ్లీ లేస్తుంది. కషాయం మీద అంత ప్రేమ ఉంటే ఊళ్లో, ఇంటి దగ్గర పెంచుకోండి.

రాలిన కాయల వాసనకు ఇంకా పురుగులొస్తాయి, ఏరి గోతిలో పూడ్చండి. పులిసిన బెల్లం పానకంలో లీటరుకు 1 మి.లీ. మలాథియాన్ పురుగుమందు కలిపి, కాయ రంగు తిరిగేటప్పటి నుంచి వెడల్పు మూతి పాత్రల్లో రాత్రిళ్లు చెట్ల మధ్య పెట్టండి. తెల్లారగానే తీసెయ్యకపోతే అందులోనూ తేనెటీగలే పడతాయి.

సాయంత్రం పొగ మాట మాత్రం నిజమే, ఒప్పుకుంటున్నా; కాకపోతే అది ఆ రెక్కల పురుగును తరమడానికి. సీతాకోకచిలుకా పూర్తి అమాయకురాలేం కాదు. దాని గొంగళిపురుగు (చిన్నప్పుడు పిట్టరెట్టలా, పెద్దయ్యాక ఆకుపచ్చగా ఉండి, ముట్టుకుంటే ఎర్ర కొమ్ములు చాచి కంపు కొట్టేది) నర్సరీ మొక్కకు ఈనెలే మిగులుస్తుంది. చేత్తో ఏరెయ్యండి, మరీ ఎక్కువైతే బీటీ పొడి (గొంగళిపురుగులను చంపే బాక్టీరియా మందు) లీటరు నీటికి 1 గ్రాము, సాయంత్రం పూట, లేత ఆకు తడిసేలా. కాపుకొచ్చిన చెట్టు మీద నాలుగు కనబడితే వదిలెయ్యండి, ఆ మందు డబ్బులు తిప్పతీగ పీకే కూలీలకు ఇవ్వొచ్చు.