మున్సిపల్ ఆడిట్ నివేదికలో ముందుగా తెరవవలసిన పుటలు

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కృష్ణరాజపురం ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారిలో చాలామందికి హిందూపురంలోనో కదిరిలోనో మదనపల్లెలోనో ఒక ఇల్లు, కనీసం ఒక ఖాళీ స్థలం ఉంటుంది. ఏప్రిల్ 30లోగా ఏడాది పన్ను మొత్తం కడితే దొరికే 5 శాతం రాయితీ కోసం ఫోన్‌లోనే చెల్లించి రసీదు భద్రపరచుకునే వీరు, ఆ డబ్బును మున్సిపాలిటీ లెక్కల్లో ఎలా చూపిందో అరుదుగా చూస్తారు. కంపెనీల త్రైమాసిక ఫలితాలను వరుసగా చదివి షేర్లు కొనేవారికి ఆస్తి అప్పుల పట్టిక కొత్తేమీ కాదు. చిన్న ఊరి ఆడిట్ నివేదికలో ఏ పుట తెరవాలో తెలియకపోవడమే అసలు ఇబ్బంది.

తెరిచినవారు సాధారణంగా మిగులు ఎంత, లోటు ఎంత అని చూసి మూసేస్తారు. ఆ అంకె మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. 2004లో వచ్చిన జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ సూచించిన అక్రూవల్ పద్ధతిలో, పన్ను డిమాండ్ వేసినప్పుడే అది ఆదాయంగా నమోదవుతుంది. డబ్బు చేతికొచ్చిందా లేదా అన్నది వేరే సంగతి. డిమాండ్ 10 కోట్లు, వసూలు 6 కోట్లు, ఖర్చు 8 కోట్లు అనుకుందాం. పుస్తకాల్లో 2 కోట్ల మిగులు కనిపిస్తుంది, ఖజానాలో మాత్రం 2 కోట్లు తక్కువ పడతాయి. పాతబడిన బకాయిల్లో రాని భాగానికి ఏటా కేటాయింపు చూపాలని, అంటే ఆ మేరకు లెక్కలో తగ్గించాలని అదే మాన్యువల్ చెబుతోంది. అలా చూపకపోతే కూల్చేసిన ఇళ్లు, ఒకే ఇంటికి రెండుసార్లు పడిన అసెస్‌మెంట్లు, కోర్టు వివాదాల్లో ఉన్న భవనాలు అన్నీ రాబోయే సొమ్ముగానే ఆస్తుల పక్కన నిలిచిపోతాయి. ఆంధ్రప్రదేశ్‌లో బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ కూడా పడుతుంది కాబట్టి, రాని సొమ్ము ఏటేటా మరింత పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే ముందుగా చూడవలసింది డీసీబీ పట్టిక, అంటే వేసిన డిమాండ్, వసూలు, ఇంకా మిగిలిన బకాయి. అందులోనూ పాత బకాయి వసూలును ఈ ఏటి వసూలుతో కలిపి ఒకే శాతంగా చూపారా, విడివిడిగా చూపారా అన్నది గమనించాలి. కలిపి చూపితే ఏది మొండి బకాయో పాఠకుడికి తెలియదు.

రెండోది, మున్సిపాలిటీ ఖాతాలో ఉన్నా దానిది కాని డబ్బు. ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తి పన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. నిర్మాణ కార్మికుల సంక్షేమానికి తీసుకునే 1 శాతం సెస్సు, కాంట్రాక్టర్ల డిపాజిట్లు, పారిశుద్ధ్య కార్మికుల జీతాల్లోంచి కోసిన పీఎఫ్ కూడా ఇలాంటివే. వీటిని సకాలంలో జమ చేయని పట్టణానికి బ్యాంకు నిల్వ ఘనంగానే ఉంటుంది. ఊళ్లో లైబ్రరీకి పత్రికలు ఎందుకు రావడం లేదన్న ప్రశ్నకు జవాబు ఒక్కోసారి ఈ 'చెల్లించవలసినవి' పట్టికలో దొరుకుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఆడిట్ చేసేది 1989 చట్టం కింద పనిచేసే రాష్ట్ర ఆడిట్ శాఖ. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లు అందాలంటే గత ఏడాది తాత్కాలిక లెక్కలను, అంతకు ముందటేడాది ఆడిట్ అయిన లెక్కలను ప్రజలకు ఆన్‌లైన్‌లో అందుబాటులో ఉంచాలని పెట్టిన షరతు మంచిదే. అయితే అప్‌లోడ్ చేయడంతోనే షరతు తీరిపోతుంది, చదివి ప్రశ్నించేవారు ఉండాలని అది కోరదు. బెంగళూరులో 2002లో జనాగ్రహ, పబ్లిక్ అఫైర్స్ సెంటర్ వంటి సంస్థలు కలిసి 'ప్రూఫ్' పేరుతో నగరపాలిక త్రైమాసిక లెక్కలను పౌరుల ముందు చర్చకు పెట్టించాయి. ఇంత పెద్ద నగరంలో సాధ్యమైన పని, నలభై వార్డులైనా లేని పట్టణంలో కష్టమేమీ కాదు.

చర్చకు పెట్టవలసింది ముఖ్యంగా పాత ఆడిట్ అభ్యంతరాల జాబితా. నివేదికలో ఒక్కో అభ్యంతరాన్ని 'పారా' అంటారు. ఓచరు లేని చెల్లింపు, సర్దుబాటు కాని అడ్వాన్సు, బ్యాంకు ఖాతాతో సరిపోలని నగదు పుస్తకం వంటి పారాలు ఏటా మళ్లీ మళ్లీ వస్తుంటే, ఆ కాలపు కమిషనర్ బదిలీ అయి, ఇంజినీరు పదవీ విరమణ చేసి, రాబట్టడానికి మనిషే మిగలని స్థితి ఏర్పడుతుంది. ప్రతి పారా పక్కన అది మొదట ఏ సంవత్సరంలో వచ్చిందో, ఎంత మొత్తానికి సంబంధించిందో, ఇప్పుడు ఎవరు జవాబివ్వాలో రాసి, పన్ను చెల్లించే వెబ్‌సైట్‌లోనే ఉంచమని కౌన్సిల్‌ను అడగవచ్చు. పన్ను కట్టేవాడు ఏ ఊళ్లో నివసిస్తున్నా అలా అడిగే హక్కు అతనికి ఉంది.