ఉప్పు ఏరోసాల్‌కు ఎఫ్‌టీఐఆర్ దండగా?

“సోడియం క్లోరైడ్ పరారుణ కాంతిని పీల్చుకోదు, దానితోనే పరికరాలకు కిటికీలు చేస్తారు. ఇక ఉప్పు ఏరోసాల్‌ను (గాలిలో తేలే ఉప్పు కణాలను) ఎఫ్‌టీఐఆర్‌లో (ఏ పరారుణ కాంతి ఎంత శోషణ అవుతుందో కొలిచే పరికరంలో) చూస్తే తేలేదేముంది? చెదిరిన కాంతి, నీటి ఆవిరి తప్ప. 75% తేమ దాటితే కణం కరుగుతుంది, తగ్గితే ఎండుతుంది, అంతే.” బాగా చలామణిలో ఉన్న వాదన ఇది. మొదటి వాక్యం వరకే నిజం.

ఉప్పు కనిపించకపోవడమే ఇక్కడ మేలు. 650 సెం.మీ⁻¹ పైన (ఇది తరంగసంఖ్య, అంటే ఒక సెంటీమీటరులో పట్టే తరంగాల లెక్క) దానికి సొంత పట్టీ, అంటే కాంతిని పీల్చే మేర, లేదు కనుక, 3400 దగ్గర వెడల్పాటి గుబ్బ, 1640 దగ్గర చిన్న గుబ్బ వస్తే అవి ద్రవనీటివే. నైట్రిక్ ఆమ్లం తగిలి ఉప్పు సోడియం నైట్రేట్‌గా మారితే 1350 పరిసరాల్లో కొత్త పట్టీ లేస్తుంది.

చెదిరిన కాంతీ పనికిమాలినది కాదు. తరంగసంఖ్య పెరిగేకొద్దీ వర్ణపటపు అడుగు గీత (ఆధారరేఖ) పైకి వాలుతుంది. ఆ వాలులోనే కణాల పరిమాణం దాగి ఉంది.

ఆవిరి సంగతి అసలైన చిక్కు. ఆవిరి గీతలు సన్నగా, గుంపులుగా ఉంటాయి. ద్రవనీటి పట్టీ వెడల్పుగా ఉంటుంది. అందుకే వేరు చేయవచ్చు, కానీ పొడి గాలిని రిఫరెన్స్‌గా తీసుకుంటే కుదరదు. అదే తేమ, అదే ఉష్ణోగ్రత ఉన్న గాలిని ఫిల్టర్‌తో కణాలు తీసేసి పంపి, ఆ వర్ణపటాన్ని తీసివేయాలి. రెజల్యూషన్ (పక్కపక్క గీతలను విడదీసే సూక్ష్మత) 8 సెం.మీ⁻¹ పెడితే గీతలు విడిపోవు, శోషణ ఆవిరి మోతాదుకు అనులోమంగా పెరగదు. తీసివేత తర్వాత 1400–1900 మధ్య రంపపు పళ్లు మిగులుతాయి. వాటిని కణం నీరుగా లెక్కగట్టడం తరచూ జరిగే తప్పు.

75% లెక్క కరిగే దారికే వర్తిస్తుంది. 25 డిగ్రీల దగ్గర పొడి కణం సుమారు 75% వద్ద కరుగుతుంది. తడి కణం మాత్రం 75 దాటి కిందికి వచ్చినా ఎండదు. అతిసంతృప్త బిందువుగానే (మామూలుగా కరగగలిగినదానికన్నా ఎక్కువ ఉప్పు ఉన్న చుక్కగానే) నిలిచి, 45% పరిసరాల్లో గాని స్ఫటికం కాదు. ఈ రెంటి మధ్య కణం ఏ స్థితిలో ఉందో తేమమాపకం చెప్పలేదు, 3400 పట్టీ చెబుతుంది. అందుకే రెండు ప్రయోగాలు వేరుగా నడపాలి: ఒకదానిలో ఉప్పునీటి తుంపరను సిలికా జెల్ డ్రయర్‌తో 40% కిందికి ఎండబెట్టి మళ్లీ తడపాలి, రెండోదానిలో తడి తుంపరనే మెల్లగా ఎండబెట్టాలి.

కిటికీ ఉప్పుదైతే మాత్రం 75% దగ్గర అదీ చెమ్మగిల్లి, తన నీటిని కణాల ఖాతాలో వేస్తుంది. జింక్ సెలినైడ్ వాడండి. కాల్షియం ఫ్లోరైడ్ నీటికి ఆగుతుంది గాని, కణాల్లో సల్ఫేట్ ఉంటే 1100 దగ్గరి దాని పట్టీని మింగేస్తుంది.